కాంతికి శ్రుతి చేయుట: ఫోటానిక్ స్ఫటికములతో ఫిల్టరు రూపకల్పన

నెమలి పింఛములోని నీలమును చూచి మురియని వారుండరు. ఆ నీలము అద్దకమువలె ఈకకు పట్టిన రంగని మనము సాధారణముగా తలచుచుందుము. కాని ఆ ఈకను మెత్తగా నూరి చూచినచో నీలము కానరాదు. గోధుమ వన్నె కలిసిన నల్లని పొడి మాత్రమే మిగులును. ఆ నలుపునకు మూలము మెలనిన్ అను పదార్థము. మన తలవెండ్రుకలను నల్లగా నుంచునదియు అదియే. మరి నీలము ఎచటి నుండి వచ్చినది?

పక్షుల ఈకలలోని రంగుల పుట్టుకను గూర్చి 1934లోనే సి.వి. రామన్ ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించిరి. నెమలి ఈక లోపలి నిర్మాణమును చైనాలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి 2003లో వివరించిరి. ఈక యొక్క సన్నని పోగులలో మెలనిన్ కడ్డీలు వరి నాటిన మడివలె వరుసలు తీరి ఉన్నవి. నీలము కనబడు చోట కడ్డీకి కడ్డీకి నడుమ దూరము సుమారు 140 నానోమీటర్లు. ఆకుపచ్చ కనబడు చోట 150. పసుపు కనబడు చోట 165. పదార్థము ఒక్కటియే. దూరము మారినది, రంగు మారినది.

ఇట్లు కాంతి తరంగదైర్ఘ్యముతో పోల్చదగిన దూరములలో, వేర్వేరు వక్రీభవన గుణకములు గల పదార్థములు క్రమము తప్పక మరల మరల వచ్చునట్లు అమర్చిన కట్టడమునకు ఫోటానిక్ స్ఫటికమని పేరు. దానితో కాంతిని వడపోయు సాధనము నొకదానిని ఎట్లు రూపకల్పన చేయవచ్చునో, ఆ సాధనమును మనకు కావలసిన తరంగదైర్ఘ్యమునకు ఎట్లు శ్రుతి చేయవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచినాము. బి.ఎస్సీ. స్థాయి భౌతికశాస్త్రము తెలిసిన విద్యార్థులు ఇందలి లెక్కలను తామే సరిచూచుకొనవచ్చును. మేము మొదట చేసిన ఒక తప్పును కూడ దాచక ఇందు చెప్పుచున్నాము. ఏలయన ఈ విషయములోని అసలు పాఠము ఆ తప్పు లోపలనే దొరకినది.

ఫిల్టరు యొక్క అవసరము

జల్లెడ పిండిని రవ్వనుండి వేరుచేయును. అట్లే కాంతి ఫిల్టరు అనేక తరంగదైర్ఘ్యములు కలిసివచ్చు వెలుగునుండి ఒక దానిని పోనిచ్చి తక్కినవానిని ఆపును. రంగు గాజు కూడ ఒక ఫిల్టరే. కాని దానిది ముతక జల్లెడ. టెలిఫోను, ఇంటర్నెట్ సమాచారమును మోయు గాజు తంతువులలో పని అంత సులభము కాదు. వానిలో 1550 నానోమీటర్ల ప్రాంతమున గాజులో నష్టము మిక్కిలి తక్కువ. కావున 1530 నుండి 1565 నానోమీటర్ల వరకు గల చిన్న పట్టీలో అనేక వార్తామార్గములను పక్కపక్కనే పంపుదురు. సాధారణముగా వాడు ఒక ఏర్పాటులో ఒక మార్గమునకును తరువాతి దానికిని నడుమ సుమారు 0.8 నానోమీటరు దూరము మాత్రమే ఉండును. అందులో ఒక్కదానిని విడదీయవలెనన్నచో ఫిల్టరు పోనిచ్చు రేఖ అంతకంటె సన్నగా నుండవలెను.

ఇంతటితో చాలదు. నేడు ఒక మార్గము కావలెను, రేపు మరియొకటి కావలెను. ప్రతి మార్గమునకు ఒక్కొక్క ఫిల్టరు అమర్చుట కంటె, ఒకే ఫిల్టరును తంబురా తీగవలె బిగించి వదలుచు కావలసిన చోటికి తెచ్చుట మేలు. తీగ కుదిరినపుడు మన తెలుగు విద్యార్థి ‘శ్రుతి కలిసినది’ అనును. మన ఉర్దూ విద్యార్థి ‘సుర్ మిల్ గయా’ అనును. ఇరువురు చెప్పునది ఒకే సంగతి. అట్టి సాధనమునే శ్రుతి చేయదగిన ఫిల్టరు అందురు.

ఇందుకు ప్రకృతిలోనే ఉదాహరణ కలదు. మాట నిలకడ లేనివానిని మనము ఊసరవెల్లి యని నిందింతుము. కాని జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో మడగాస్కరు దేశపు ఒక జాతి ఊసరవెల్లిని పరిశీలించి, దాని చర్మకణములలో గ్వానిన్ అను పదార్థపు సూక్ష్మ స్ఫటికములు జాలకముగా అమరియున్నవని చూపిరి. ప్రాణి నెమ్మదిగా నున్నపుడు ఆ స్ఫటికములు దగ్గర దగ్గరగా నుండి పొట్టి తరంగములను పరావర్తనము చేయును. అది ఉద్రేకపడినపుడు వాని నడిమి దూరము పెరిగి, పరావర్తన మగు కాంతి పొడుగు తరంగముల వైపు జరుగును. కావున ఊసరవెల్లి చర్మము శ్రుతి చేయదగిన ఫోటానిక్ స్ఫటికమే.

పూర్వరంగము

పదార్థములో కాంతి వంగుట ఒక నియమమును అనుసరించునని బాగ్దాదు విద్వాంసుడు ఇబ్న్ సహల్ 984 ప్రాంతముననే గుర్తించెను. ఆ నియమము నుండి పుట్టినదే వక్రీభవన గుణకము. పొరలు పొరలుగా నున్న యానకములో తరంగములు నడచు తీరును లార్డ్ రేలీ 1887లో గణితముతో చర్చించెను. ఎదురెదురుగా నిలిపిన రెండు దర్పణముల నడుమ కాంతిని బంధించి, సన్నని రేఖలను వేరుచేయు పరికరమును 1899లో ఫాబ్రీ, పెరో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

రేలీ వ్యాసమునకు సరిగా నూరు సంవత్సరముల తరువాత, 1987లో, ఎలి యబ్లోనోవిచ్, భారత సంతతికి చెందిన సజీవ్ జాన్ అను ఇరువురు వేర్వేరుగా ఒక నూతన భావమును ప్రకటించిరి. అర్ధవాహకములో ఎలక్ట్రాన్లకు నిషిద్ధమైన శక్తి పట్టీ యున్నట్లే, తగిన క్రమములో అమర్చిన రోధక పదార్థములో కాంతికి కూడ నిషిద్ధ పట్టీ ఏర్పడునని వారి సిద్ధాంతము. ఆ పట్టీలోని తరంగదైర్ఘ్యము గల కాంతి ఆ స్ఫటికములో ప్రయాణింపజాలదు. క్రమము ఒక దిశలోనే యున్నచో అది పొరల కట్ట. రెండు దిశలలో నున్నచో కడ్డీల మడి. మూడు దిశలలో నున్నచో నిజమైన స్ఫటికమువంటి కట్టడము. మేము ఈ వ్యాసమున ఒక దిశలో క్రమము గల దానినే గ్రహించితిమి. లెక్కకు అది సులభము. సూత్రము మూడింటికి ఒక్కటే.

దర్పణమును కట్టుట

సిలికాన్, సిలికా అను రెండు పదార్థములను తీసికొందము. 1550 నానోమీటర్ల వద్ద సిలికాన్ వక్రీభవన గుణకము సుమారు 3.48, సిలికాది సుమారు 1.444. ఈ రెంటి సరిహద్దు వద్ద లంబముగా పడిన కాంతిలో 17 శాతము మాత్రమే తిరిగివచ్చును. ఇది మంచి దర్పణము కాదు.

అయితే ప్రతి పొర మందమును, ఆ పొర లోపలి తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతుగా చేసినచో విశేషము జరుగును. ఒక్కొక్క సరిహద్దు నుండి తిరిగివచ్చు చిన్న చిన్న తరంగములన్నియు ఒకే దశలో కలిసి, ఒకదానికొకటి బలము చేకూర్చును. 1550ని నాలుగింతల గుణకముతో భాగించినచో ఈ మందము వచ్చును: సిలికాన్‌కు సుమారు 111 నానోమీటర్లు, సిలికాకు సుమారు 268 నానోమీటర్లు. నాలుగు సిలికాన్ పొరలు, వాని నడుమ మూడు సిలికా పొరలు, మొత్తము ఏడు పొరలను గాజుపై పరచినచో, పడిన కాంతిలో 99 శాతమునకు పైగా తిరిగివచ్చును. ఒక్కరి వల్ల కానిది ఏడుగురు ఒక్క తాళములో నడచుట వలన అయినది.

ఈ కట్టడపు నిషిద్ధ పట్టీ కూడ విశాలమైనది. లెక్క ప్రకారము అది సుమారు 1220 నానోమీటర్ల నుండి 2125 నానోమీటర్ల వరకు వ్యాపించును. రెండు పదార్థముల గుణకముల మధ్య వ్యత్యాసము ఎంత ఎక్కువైనచో పట్టీ అంత వెడల్పగును.

క్రమములో ఒక లోపము

ఇంతవరకు మనము కట్టినది గోడ. ఫిల్టరునకు గోడతో పాటు ఒక ద్వారము కావలెను. అట్టి దర్పణములు రెంటిని ఎదురెదురుగా నిలిపి, నడుమ క్రమమునకు లొంగని మందము గల పొరను ఒకదానిని ఉంచినచో, నిషిద్ధ పట్టీ నడుమ ఒక సన్నని రేఖ వద్ద కాంతి మొత్తము దాటిపోవును. ఈ పొరకు ‘లోపపు పొర’ అని పేరు. లోపలికి ప్రవేశించిన కాంతి రెండు దర్పణముల నడుమ అనేక పర్యాయములు తిరుగును. ఒక చుట్టు తిరిగి వచ్చునప్పటికి దశ సరిగా కలిసిన తరంగదైర్ఘ్యము మాత్రమే బలపడి వెలుపలికి వచ్చును. ఇది ఫాబ్రీ, పెరోల సూత్రమే.

ఈ లోపపు పొరను ద్రవస్ఫటికముతో నింపినచో ఫిల్టరును శ్రుతి చేయు బిరడ మన చేతికి వచ్చినట్లే. ద్రవస్ఫటికపు అణువులు కడ్డీలవలె పొడవైనవి. అవి పొరకు సమాంతరముగా పరుండియున్నపుడు, ఆ దిశలో ధ్రువణము చెందిన కాంతికి గుణకము సుమారు 1.7. వోల్టేజి ఇచ్చినచో అణువులు మెల్లగా లేచి నిలుచును, గుణకము 1.5 వైపు తగ్గును. మన గడియారములలోను, కాలిక్యులేటర్లలోను అంకెలను చూపునది ఈ గుణమే. ఫోటానిక్ స్ఫటికములలో ద్రవస్ఫటికమును నింపి నిషిద్ధ పట్టీని మార్చవచ్చునని కర్ట్ బుష్, సజీవ్ జాన్ 1999లో సూచించిరి.

మేము చేసిన తప్పు

మొదట మేము లోపపు పొర మందమును అర తరంగముగా తీసికొంటిమి. గుణకము 1.5 ఉన్నపుడు రేఖ 1550 వద్ద ఉండవలెనన్నచో, 1550ని 3తో భాగింపగా మందము సుమారు 517 నానోమీటర్లు. గుణకము 1.5 నుండి 1.7కు మారినచో పెరుగుదల 13.3 శాతము. కావున రేఖ కూడ 13.3 శాతము, అనగా సుమారు 207 నానోమీటర్లు జరుగునని లెక్క వేసితిమి. నోటు పుస్తకములో ఆ సంఖ్య క్రింద రెండు గీతలు గీచి సంతోషించితిమి.

పిదప ప్రతి పొరను ఒక చిన్న మాత్రికగా వ్రాసి, వానిని వరుసగా గుణించి, కట్టడమంతటి లెక్కను సంపూర్ణముగా చేసితిమి. రేఖ 207 నానోమీటర్లు జరుగలేదు; సుమారు 113 మాత్రమే జరిగినది. మాత్రికల గుణకారములో పొరపాటు జరిగినదని తలచి మూడు పర్యాయములు మరల చేసితిమి. జవాబు మారలేదు. తప్పు గుణకారములో లేదు, మా ఊహలో ఉన్నది.

మేము దర్పణమును ఇంటి అద్దమువలె ఊహించితిమి. కాంతి దాని ముఖము మీద తగిలి అచ్చటి నుండియే తిరిగిపోవునని అనుకొంటిమి. కాని పొరల దర్పణములో కాంతి కొంత లోపలికి చొచ్చుకొనిపోయి, పొర పొర నుండి కొంచెము కొంచెముగా తిరిగివచ్చును. అనగా కాంతి తన కాలములో ఒక భాగమును ద్రవస్ఫటికములోను, మిగిలిన భాగమును దర్పణముల లోపలను గడుపును. మన వోల్టేజి ద్రవస్ఫటికమును మాత్రమే మార్చగలదు. సిలికాన్, సిలికాలు దానిని లెక్కచేయవు. కళాశాలకు వచ్చు విద్యార్థి దారిలో కొంత బస్సులోను కొంత నడకతోను వచ్చుననుకొందము. బస్సు వేగము రెట్టింపైనంత మాత్రమున ప్రయాణ కాలము మొత్తము సగము కాదు గదా!

ఎంత భాగము ఫలించునో చెప్పు సూత్రము చిన్నది. దర్పణములోని రెండు పదార్థముల గుణకముల తేడాను ‘వ్యత్యాసము’ అందము. మనకు అది 2.04. వ్యత్యాసమును, వ్యత్యాసము మరియు లోపపు పొర యొక్క మారిన గుణకముల మొత్తముతో భాగించవలెను. 2.04ను 3.74తో భాగింపగా 0.545. మొదటి ఊహలోని 207ను దీనితో గుణించినచో 113 వచ్చును. లోపపు పొర అర తరంగమై, సిలికాన్‌వంటి ఎక్కువ గుణకము గల పొర దానికి ఆనుకొని యున్నపుడు ఈ సూత్రము వర్తించును. వ్యత్యాసము ఎక్కువైనకొలది కాంతి దర్పణములోనికి తక్కువగా చొచ్చుకొనిపోవును; శ్రుతి చేయు శక్తి పెరుగును.

మందమా, పలుచనా?

అట్లైనచో లోపపు పొరను మందముగా చేసి, కాంతి ఎక్కువ కాలము ద్రవస్ఫటికములోనే గడుపునట్లు చేయవచ్చును గదా యని విద్యార్థి అడుగవచ్చును. అది సరియైన ప్రశ్న. పొరలో ఒక్క అర తరంగమునకు బదులు పది అర తరంగములు పట్టునట్లు, అనగా సుమారు 5170 నానోమీటర్ల మందము చేసినచో, రేఖ 190 నానోమీటర్ల వరకు జరుగును. కాని మందమైన పొరలో దశ కలియు తరంగదైర్ఘ్యములు అనేకములగును. మన రేఖకు ఇరువైపుల 130 నుండి 160 నానోమీటర్ల దూరములోనే వేరు రేఖలు కూడ పుట్టును. మనము ఒక అతిథిని పిలిచితిమి. ఇరుగుపొరుగువారు కూడ పిలువని పేరంటమునకు వచ్చిరి. మరియొక చిక్కు కూడ కలదు. వోల్టేజి తీసివేసిన తరువాత ద్రవస్ఫటికము పూర్వస్థితికి వచ్చుటకు పట్టు కాలము మందము యొక్క వర్గమును అనుసరించును. మందము పది రెట్లైనచో ఆలస్యము నూరు రెట్లగును.

కావున మధ్యమార్గము వెదకితిమి. నాలుగు అర తరంగములను ఎన్నుకొంటిమి. వేరొక మెలకువ కూడ పాటించితిమి. 1550ని గుణకపు మార్పునకు ఒక అంచున కాక, నడుమ నున్న 1.6 వద్ద నిలిపితిమి. అప్పుడు మందము 1550ని 2తో గుణించి 1.6తో భాగింపగా సుమారు 1937 నానోమీటర్లు. గుణకము 1.5కు తగ్గినపుడు రేఖ సుమారు 1468కి దిగును, 1.7కు పెరిగినపుడు సుమారు 1630కి ఎక్కును. పొరుగు రేఖలు 1280 ప్రాంతమున, 1960 ప్రాంతమున ఉండి మన పనికి అడ్డురావు. మనకు కావలసిన 1530 నుండి 1565 వరకు గల పట్టీ ఈ పరిధిలో హాయిగా ఇమిడినది.

సన్నదనమునకు చెల్లించు వెల

రేఖ ఎంత సన్నగా నుండునో దర్పణములోని పొరల సంఖ్య నిర్ణయించును. ఒక్కొక్క వైపున 5 పొరలున్నచో రేఖ వెడల్పు సుమారు 2.3 నానోమీటర్లు, 7 పొరలున్నచో సుమారు 0.4; 9 పొరలున్నచో సుమారు 0.07. అనగా ఒక జత పొరలు చేర్చినప్పుడెల్ల రేఖ దాదాపు ఆరింతలు సన్నబడును.

ఇది చూచి పొరలు పెంచుకొనుచు పోవలెనను ఆశ పుట్టును. కాని ద్రవస్ఫటికము కాంతిని కొంచెము చెదరగొట్టును. పొరలలో కూడ కొంత వృథా యగును. దర్పణమును దాటి బయటకు పోవు కాంతి ఎంతయో, లోపల వృథా యగు కాంతియు అంతయే యైనచో, రేఖ శిఖరము వద్ద వెలుపలికి వచ్చునది నాలుగవ వంతు మాత్రమే. దర్పణము గట్టిపడినకొలది బయటకు పోవు కాంతి తగ్గును గాన, ఉన్న కొద్దిపాటి వృథాయే ఎక్కువ నష్టమును కలిగించును. 0.8 నానోమీటరు దూరముననున్న మార్గములను వేరుచేయుటకు 0.4 వెడల్పు చాలును. కావున మేము 7 పొరల వద్దనే ఆగితిమి. కావలసినదానికంటె ఎక్కువ సన్నదనమును కోరుట కూడ ఒక లోభమే.

అసలు పాఠము

ఇప్పుడు పరీక్షవంటి ప్రశ్న వచ్చినది. లోపపు పొర మందము 1937 నానోమీటర్లు ఉండవలెనంటిమి. తయారు చేయువాని చేతిలో అది 1938 అయినచో ఏమగును? ఒక్క నానోమీటరు అనగా కొద్ది పరమాణువుల పొడవు మాత్రమే. లెక్క ప్రకారము రేఖ సుమారు 0.67 నానోమీటరు తొలగిపోవును. రేఖ వెడల్పే 0.4. అనగా ఒక్క నానోమీటరు పొరపాటుతో మన ఫిల్టరు తన మార్గమును పూర్తిగా విడిచి పొరుగు మార్గము వైపు పోవును! ఎంత సన్నని ఫిల్టరును రూపకల్పన చేయుదుమో, అంత సన్నని పొరపాటు కూడ దానిని చెరచును. ద్రవస్ఫటికపు గదిని ఒక నానోమీటరు తేడా లేకుండ కట్టుట మిక్కిలి కష్టము. పైగా వేడిమి మారినప్పుడెల్ల దాని గుణకము కూడ మారుచుండును.

ఈ స్థితిలో మనలను కాపాడునది శ్రుతియే. ఆ ఒక్క నానోమీటరు తప్పును దిద్దుటకు గుణకమును 0.0008 మేరకు మార్చిన చాలును. మన చేతిలో 0.2 మేరకు మార్పు కలదు. అనగా ఉన్న శక్తిలో నూటికి అర వంతు కూడ వెచ్చింపకుండ తప్పు సవరింపబడును. పది నానోమీటర్ల తప్పును కూడ సులభముగా దిద్దవచ్చును. 1550ని అంచున కాక నడుమ నిలుపుటకు అసలు కారణము ఇదియే: తప్పు మందము వైపు జరిగినను, పలుచన వైపు జరిగినను, దిద్దుకొనుటకు ఇరువైపుల చోటు ఉండవలెను.

మొదట మేము శ్రుతి చేయుటను ఒక అదనపు సౌకర్యముగా తలచితిమి; మార్గము మార్చుకొనుటకు ఉపయోగించు ఒక విలాసమని అనుకొంటిమి. లెక్కలు ముగియునప్పటికి మా అభిప్రాయము మారినది. సన్నని ఫిల్టరునకు శ్రుతి విలాసము కాదు, ప్రాణము. తప్పు జరుగదని నమ్మి కట్టిన సాధనము మొదటి తప్పుతోనే చెడును. తప్పు జరుగునని ముందే తెలిసి, దిద్దుబాటునకు చోటు విడిచి కట్టిన సాధనము నిలుచును.

ఇతర మార్గములు

శ్రుతి చేయుటకు ద్రవస్ఫటికమే శరణ్యము కాదు. సిలికాన్‌ను ఒక డిగ్రీ సెల్సియస్ వేడిచేసినచో దాని గుణకము సుమారు 0.00018 పెరుగును. మార్పు చిన్నదైనను నమ్మదగినది. ఊసరవెల్లివలె సాగు గుణము గల పదార్థములో స్ఫటికమును పొదిగి, సాగదీసి రంగు మార్చవచ్చును. లోపపు పొరకు బదులు గాలి నుంచి, ఒక దర్పణమును విద్యుదాకర్షణతో కదల్చవచ్చును. ప్రతి పద్ధతికి తన వేగము, తన పరిధి, తన లోపము కలవు. ద్రవస్ఫటికము విశాలముగా జరుగును గాని మెల్లగా జరుగును. పైగా ఒక దిశలో ధ్రువణము చెందిన కాంతికే లొంగును. పని యేదియో మొదట తెలిసికొని, పిదప పద్ధతిని ఎన్నుకొనవలెను.

విద్యార్థులకు ఒక అభ్యాసము

సిలికాన్‌కు బదులు టైటానియం డయాక్సైడును వాడి, దాని గుణకము 2.3 అని తీసికొనుడు. లోపపు పొర ఒక్క అర తరంగము. దాని గుణకము 1.5 నుండి 1.7కు మారును. రేఖ ఎంత జరుగును? వ్యత్యాసము 0.856 అగును. దానిని 2.556తో భాగింపగా 0.335. కావున జవాబు సుమారు 69 నానోమీటర్లు. సిలికాన్‌తో 113 వచ్చినదని జ్ఞాపకముంచుకొని, ఈ తేడాకు కారణమును మీ మాటలలో వ్రాయుడు. ఆ కారణమును వ్రాయగలిగినవారికి ఈ వ్యాసము అర్థమైనట్లే.

ఈ లెక్కలన్నియు మేము నోటు పుస్తకము, కాలిక్యులేటరు, చివర ఒక కంప్యూటరు సహాయముతో చేసితిమి. పొరలను పరచు యంత్రములు మన కళాశాలలో లేవు. ఉండవలెనని కోరుట కూడ న్యాయము కాదు. కాని ఒక చిన్న వర్ణపటమాపకము ప్రయోగశాలలో నున్నచో, సబ్బు నీటి పొరలోను, నెమలి ఈకలోను, సీడీ పళ్ళెము మీదను కనబడు రంగులను విద్యార్థులు స్వయముగా కొలిచి, లెక్కతో పోల్చుకొనగలరు. కళాశాల కమిటీ పెద్దలు ఈ విన్నపమును దయతో ఆలోచింపగలరని ఆశించుచున్నాము.

మాత్రికల లెక్కను మూడు పర్యాయములు చేసి, జవాబు ఊహకు విరుద్ధముగా వచ్చినపుడు మేము కొంత చిన్నబుచ్చుకొంటిమి. నేడు ఆ పుటను తిరగవేసి చూచినపుడు 207 క్రింద గీచిన రెండు గీతలు ఇంకను కనబడుచున్నవి. వానిని మేము చెరిపివేయలేదు. ప్రక్కనే 113 అని వ్రాసి, దాని క్రింద ఒక్క గీత మాత్రము గీచితిమి.